గుండె రిపోర్టులు బాగానే ఉన్నాయి, మరి ఈ దడ ఏమిటి?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. తొమ్మిది నెలల కిందట మావారు డీసీఎంలో బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్‌కు పోతుంటే చిట్యాల దాటాక యాక్సిడెంట్ అయింది. బండి నడుపుతున్న ఆయన దోస్తు అక్కడే చనిపోయాడు. ఈయనకు విరిగిన కాలు అతుక్కుంది గానీ, రాత్రిళ్లు అరుస్తూ లేస్తున్నాడు. లారీ హారన్ వింటే చెమటలు, గుండె దడ. హైవే వైపే పోడు. ‘ఆ రోజు తొందరపెట్టింది నేనే’ అంటాడు. ఈసీజీ, టూడీ ఎకో నార్మల్. బీపీ 150/100. రోజూ క్వార్టర్ తాగనిదే పడుకోడు. జడుసుకున్నాడని మా అత్త తాయత్తు కట్టించింది. బంధువులేమో నటిస్తున్నాడంటున్నారు.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీవారు నటించడం లేదు. బంధువుల మాట కన్నా మీ అత్తగారి మాటే నిజానికి దగ్గరగా ఉంది. ఆమె జడుపు అన్నదాన్ని మేం డాక్టర్లం పీటీఎస్‌డీ అంటాం, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలని భయం. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినవన్నీ దాని లక్షణాలే. ప్రమాదం తర్వాత కొన్నాళ్లు ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఉంటుంది. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గక, పనికీ ఇంటికీ అడ్డం పడుతుంటే జబ్బుగా చూడాలి. మీరు ఇప్పటికే తొమ్మిది నెలలు ఆగారు.

చీకట్లో గట్టు మీద తాడు కనబడితే పామనుకుని ఒక్క గంతు వేస్తాం. అలా గంతు వేయించడంలో మెదడులోని అమిగ్డలా అనే బాదం గింజంత భాగానిది పెద్ద పాత్ర. దాని కేకకు ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది, గుండె పరుగెడుతుంది, చెమట పడుతుంది. మరుక్షణం ‘ఓస్, తాడే’ అని మెదడులోని ఇంకో భాగం సర్దిచెబుతుంది. మీవారిలో ఆ సర్దిచెప్పడమే సరిగా జరగడం లేదు. హారన్ మోగిన ప్రతిసారీ ఆయనకు అది పామే. గుండె తనకొచ్చిన ఆజ్ఞ పాటిస్తోందంతే, అందుకే ఈసీజీలో లోపం కనబడలేదు.

అలాగని బీపీని ‘టెన్షన్‌లే’ అని వదిలేయకండి. ఏళ్ల తరబడి ఇలా ఉండేవారిలో గుండె జబ్బులు, షుగర్ ఎక్కువగా కనిపిస్తాయి. తాగుడు కూడా బీపీని పెంచుతుంది. వేర్వేరు రోజుల్లో, కాసేపు కూర్చున్నాక మళ్లీ చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయిస్తే మంచిది, దానివల్లా దడ వస్తుంది.

నాకు ఎక్కువ భయం ఆ క్వార్టర్ గురించే. తాగుడు ముందు నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున కుదిపి లేపుతుంది. అయితే రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టర్ చెప్పినట్టు మాన్పించాలి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తేవొద్దు. అవి అలవాటైపోతాయి. తాగుడు మీద పడితే ఊపిరికే ప్రమాదం.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య నిపుణులకు చూపించండి. అసలు వైద్యం మాటలతో చేసేదే. జరిగినదాన్ని ఆయన తట్టుకోగలిగినంత మేరకు చెప్పిస్తూ, వదిలేసిన రోడ్డు మీదికి అంచెలంచెలుగా తీసుకెళ్తారు. ‘తొందరపెట్టింది నేనే’ అన్న మాటకూ అక్కడే మందు దొరుకుతుంది. అవసరమైతే సెర్ట్రలీన్ వంటి మాత్రలు రాస్తారు. వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి ‘పిచ్చి మాత్రలు’ అని పక్కన పడేసేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా తిరిగొస్తారు. తగ్గినట్టు అనిపించినా సొంతంగా ఆపొద్దు. ఆయన ఆసుపత్రికి రానంటే ముందు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది.

‘మర్చిపో’ అని ఆయనతో అనకండి, చెప్పమని బలవంతమూ చేయకండి. తాయత్తు ఉంటే ఉండనివ్వండి, వైద్యానికి అదేం అడ్డం కాదు. కానీ ‘నేను బతికి ఏం లాభం’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలొద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తోటకు కొట్టే పురుగుమందు డబ్బాలను మాత్రం ఈ రోజే ఇంట్లోంచి తీసేసి, ఆయనకు అందని చోట తాళం వేయించండి.

అన్నట్టు, రాత్రిళ్లు ఆయన అరిచినప్పుడల్లా మీరూ లేస్తున్నారు కదా. ఆసుపత్రికి వెళ్లిన రోజు మీ బీపీ కూడా చూపించుకోండి.