ఎనిమిదో తరగతి బాబు వ్యాసాలన్నీ ఏఐతో రాయిస్తున్నాడు, ఆపాలా?

బాబు వ్యాసాలన్నీ చాట్‌జీపీటీతో రాయిస్తున్నాడని, ఫోన్ పూర్తిగా తీసేసుకోవాలా అని అడిగారు. తీసేసుకోవద్దనే చెబుతాను. కానీ ఏ పని ముందు, ఏది తరువాత అన్నది మాత్రం మార్చాలి. మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాము. ఏడో తరగతి చదివే మా అమ్మాయి విషయంలో నాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

బడిలో ఇక్కడి లాల్‌బాగ్ తోట మీద వ్యాసం రాయమంటే పది నిమిషాల్లో ఒక్క తప్పు లేకుండా తెచ్చి చూపించింది. ‘అందులో రాసిన కొండ ఎక్కావా?’ అని అడిగితే లేదంది. ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ దాన్ని అక్కడికి తీసుకువెళ్లనిది నేనే కదా. ఆ ఆదివారం పొద్దున్నే వెళ్లాము. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ రాతికొండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లని చెప్పగానే, రాయిని అరచేత్తో తడుముతూ, ‘అప్పుడు చెట్లు కూడా లేవా అమ్మా?’ అని అడిగింది. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్ననే ఏఐని అడిగాము. రెండోసారి తాను రాసిన వ్యాసం చిన్నది, అక్షరదోషాలూ ఉన్నాయి, అయినా నేను దాచుకున్నది దాన్నే.

అప్పటి నుంచి ముందు నోటుపుస్తకంలో సొంతంగా రాయాలి, ఏఐ ఆ తరువాతే. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారి కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నట్లు రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో చూపించారు. తడుముకునే ఆ శ్రమను యంత్రానికి అప్పగిస్తే నేర్చుకోవడమే తప్పిపోతుంది. పైగా అది తరువాత రాగల మాటను అంచనా వేసుకుంటూ వాక్యం అల్లుతుంది కనుక తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతలో రచ్చ అంటే గొడవ అని ఒకసారి ఏఐ చెప్పింది. మదనపల్లెలో ఉన్న మా అత్తగారు ఫోన్‌లో రచ్చబండ గురించి, ఊరి పెద్దలు కూడే చోటు గురించి అరగంట చెప్పారు.

నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. స్నేహితురాలితో గొడవైన రాత్రి మా అమ్మాయి ఆ సంగతంతా నాకు చెప్పకుండా ఏఐతో చెప్పుకుంది. మర్నాడు తానే చూపించింది. జవాబు నిండా ఓదార్పే, కానీ అవతలి పిల్ల వైపు నుంచి ఒక్క మాటా లేదు. 13 ఏళ్లలోపు పిల్లలు చాట్‌జీపీటీ వాడకూడదని, 18 నిండేవరకు తల్లిదండ్రుల అనుమతి కావాలని దాని నిబంధనలే చెబుతున్నాయి. మా అమ్మాయికి 12 ఏళ్లు, నేను ఆ నిబంధనలు చదవనే లేదు. ఇప్పుడు హాల్లో, నా ల్యాప్‌టాప్ మీద, తాను ప్రశ్న చెబితే నేను టైపు చేస్తాను.

రాత్రి భోజనం తరువాత ఫోన్లు ఇంట్లోనే పెట్టి ఇద్దరం అపార్ట్‌మెంట్ చుట్టూ నడుస్తున్నాము. మొదటి రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, ‘ముందు తిట్టింది నేనే అమ్మా’ అంది.

మీ బాబు తెచ్చే తరువాతి వ్యాసంలోంచి ఒక వాక్యం తీసుకుని, దాని గురించి తనకు స్వయంగా ఏం తెలుసో అడిగి చూడండి. తడబడితే తిట్టవద్దు, వీలుంటే ఆ చోటికి వెంట తీసుకువెళ్లండి.