టై అండ్ డై చున్నీలకు రంగు నిలవకపోతే

విజయవాడ బీసెంట్ రోడ్డులో చవగ్గా కొన్న 20 చున్నీలకు వేసిన రంగు ఒక్క ఉతుకుకే పోయిందంటే అవి పాలిస్టర్ అయ్యుంటాయండి. కాటన్ రంగులు దాన్ని పట్టవు. తప్పు రంగుది కాదు, మీ చేతిది అంతకన్నా కాదు.

1. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి నల్లపూసలా మిగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.

2. రెడీమేడ్ చున్నీలు వద్దు. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో తెల్ల మల్ కాటన్ తాను అడగండి. 44 అంగుళాల పన్నా, 2 మీటర్ల ముక్కను పొడవునా సగానికి చింపితే రెండు చున్నీలు. 20 చున్నీలకు 20 మీటర్లు, కుదింపుకి ఇంకో 2 కలపండి. గాటు పెట్టి చింపితే కత్తెర కన్నా తిన్నగా వస్తుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: గంజి తీయడం. కొత్త బట్టకు గంజి ఉంటుంది, రంగు దాని మీదే ఆగిపోతుంది. చింపకముందే, 10 లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల చాకలి సోడా వేసి అరగంట మరిగించి జాడించండి. ఆరాక ఒక నీటిబొట్టు వేయండి. చటుక్కున ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే మళ్లీ మరిగించాల్సిందే.

4. రంగు వేశాక, చింపిన అంచులకు పీకో చేయించండి.

పాత 20 పారేయకండి, ఫ్యాబ్రిక్ పెయింట్‌కి పనికొస్తాయి.