సొంత ఇంట్లో చుట్టంలా ఉంటున్నాను

ప్రశ్న: నా వయసు 36. బెంగళూరులో హెబ్బాళ్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో అక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేసి అనంతపురం వచ్చేశాం. బడిలో సైన్సు చెప్పే నా భార్య అప్పుడే ఉద్యోగం మానేసింది. ఇంటి నుంచే పని కావడంతో 2022లో కళ్యాణదుర్గం రోడ్డు వైపు సొంత ఇల్లు కొన్నాను. ఆ డబ్బుకు బెంగళూరులో అందులో సగం ఇల్లు కూడా రాదు. ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావలసిందే అంటున్నారు. సోమవారం రాత్రి బస్సెక్కి, మధ్యలో పీజీ (పేయింగ్ గెస్ట్) వసతిలో ఉండి, శుక్రవారం తెల్లవారేసరికి ఇల్లు చేరతాను. ఒక్కోసారి బస్సు మానేసి, స్నేహితులతో మంగళవారం వేకువన మూడింటికి కారులో బయలుదేరతాను. ఈఎంఐ 28 వేలు, పీజీకి 9 వేలు, ప్రయాణాలకు 6 వేలు అవుతున్నాయి. బెంగళూరులో కాపురం పెడితే అద్దె ఒక్కటే 32 వేలు. ఇంత మిగులుస్తున్నా నా భార్యకు తృప్తి లేదు. ‘ఇక్కడైనా ఉండు, అక్కడికైనా తీసుకుపో’ అంటుంది. మాతో ఉంటున్న అమ్మకు బీపీ, షుగరు. ‘సొంత ఇల్లు వదిలి అద్దె కొంపకు వెళ్తారా’ అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. రెండో తరగతి చదివే మా పాప నేను ఏదైనా చెబితే అమ్మ ముఖం చూస్తుంది. ఆదివారం సాయంత్రమైతే చాలు, ఏదో ఒక గొడవ. సొంత ఇంట్లో చుట్టంలా ఉంటున్నాను. ఇది అమ్మేసి హిందూపురంలో ఇల్లు కొని రోజూ రైల్లో వెళ్లివద్దామా అని కూడా ఆలోచిస్తున్నాను. నా భార్యకు ఎలా నచ్చజెప్పాలి?

– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ కారు సంగతి తేల్చుకుందాం, మిగతావి తర్వాత. వేకువన మూడింటికి బయలుదేరి, రెండు వందల కిలోమీటర్లకు పైగా జాతీయ రహదారి మీద కారు నడిపి, ఆ పైన పగలంతా ఆఫీసులో కూర్చోవడం మీరు మామూలు విషయంలా రాశారు. మనిషి ఒంటికి నిద్ర ముంచుకొచ్చేది సరిగ్గా ఆ వేళలోనే. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉందని సంబరపడతాం కానీ, కళ్లు మూతలు పడేది అలాంటి రోడ్డు మీదే. బాగేపల్లి దగ్గర ఆగి టీ తాగితే నిద్ర కాసేపు వెనక్కి జరుగుతుంది, అంతే. ఎవరు నడిపినా సరే, ఆ వేళప్పుడు కారు ఎక్కనని ఈ వారమే స్నేహితులకు చెప్పేయండి.

బస్సు ప్రయాణం కూడా మీరు అనుకున్నంత సులువైనది కాదు. అనంతపురం, బెంగళూరు మధ్య దూరం తీరే అలాంటిది. రోజూ పగలు వెళ్లి రావడానికి చాలా ఎక్కువ, రాత్రి పడుకుని వెళ్లడానికి బాగా తక్కువ. తపోవనం దగ్గర పదకొండింటికి బస్సెక్కిన మనిషిని మూడున్నరకో నాలుగుకో హెబ్బాళ్‌లో దించేస్తారు. వారంలో రెండు రాత్రులు మీకు ఇలా సగం నిద్రే. శుక్రవారం తెల్లవారి ఇంటికి వచ్చినవారు ఆ పగలు ఎలా ఉంటారో మీ ఇంట్లోవాళ్లను అడగండి. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంతపుర వందేభారత్ అనంతపురంలో ఆగుతుంది కానీ, అది బెంగళూరు చేరేది మధ్యాహ్నానికి. ఆఫీసుకు వెళ్లేవారికి అక్కరకు రాదు.

ఇక లెక్కలకు వద్దాం, మీరు లెక్కల మనిషిలా ఉన్నారు. ఈఎంఐ, పీజీ, ప్రయాణాలు కలిపి ఇప్పుడు నెలకు 43 వేలు ఖర్చవుతోంది. అందరూ బెంగళూరు వెళ్తే ఈఎంఐ 28, అద్దె 32, మొత్తం 60 వేలు. మీ అనంతపురం ఇంటికి ఒక పది వేలు అద్దె వస్తుందనుకుందాం. అప్పుడు చేతి నుంచి పోయేది 50 వేలు. అంటే తేడా ఏడు వేలు. దానికి పాప బడి ఫీజు, ఆటోలు, కూరగాయలు, అడ్వాన్సుగా కట్టే పెద్ద మొత్తం కలపాలి, నిజమే. అవి కలిసినా, మీ మనసులో తిరుగుతున్న 32 వేల అంకె మాత్రం కాదు. మీ భార్యకు అక్కడ మళ్లీ బడిలో ఉద్యోగం దొరికితే ఈ లెక్క మరోలా ఉంటుంది. ఆమె జీతం ఆగిపోయిన సంగతి మీ పట్టికలో ఎక్కడా లేదు. ఇల్లు చవకగా వచ్చిన మాట నిజమే, కానీ ఆ చవకలో కొంత ఆమె కట్టింది.

మీ ఉత్తరంలో బస్సు వేళలున్నాయి, పీజీ అద్దె ఉంది. మీరు లేని ఆ నాలుగు రాత్రులు, మూడు పగళ్లు ఆ ఇంట్లో ఎలా గడుస్తాయన్నదానికి ఒక్క వాక్యం లేదు. నేను ఊహించి రాస్తాను, తప్పయితే ఆమె సరిదిద్దుతుంది. పాపను బడికి పంపాలి. అత్తగారికి మాత్రలు ఇవ్వాలి, రక్తపరీక్షకు తీసుకువెళ్లాలి. మోటారు పాడైతే మనిషిని పిలిపించాలి. ఇంట్లో చిన్నా పెద్దా నిర్ణయాలన్నీ ఆమెవే. శుక్రవారం మీరు వస్తారు. పాపను టీవీ చూడవద్దని మీరంటారు, చూడవచ్చని ఆమె గురువారం ఒప్పుకుని ఉంటుంది. పాప అమ్మ ముఖం చూడకపోతే ఎవరి ముఖం చూస్తుంది? అది మీ మీద ప్రేమ లేక కాదు. ఈ ఇంట్లో ఏ మాట చెల్లుతుందో ఏడేళ్ల పిల్లకు బాగా తెలుసు.

ఆదివారం గొడవల మాట. ఇవి మీ ఒక్క ఇంటివి కావు. వారానికోసారి ఇంటికి వచ్చే మగవారున్న ఇళ్లలో తరచుగా వింటాను. మళ్లీ వెళ్లిపోతారన్న బెంగ ఆదివారం మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. దాన్ని బెంగ అని చెప్పుకోవడానికి ఇద్దరికీ అభిమానం అడ్డు. అందుకని కూరలో ఉప్పు దగ్గరో, కరెంటు బిల్లు దగ్గరో పేలుతుంది. గొడవపడి విడిపోవడం, బాధపడి విడిపోవడం కంటే కాస్త తేలిక మరి. సంగతి ఇదని తెలిస్తే సగం గొడవలు దారిలోనే ఆగిపోతాయి. మిగతా సగం మాత్రం ఆగవు, ఎందుకంటే ఆమె అడుగుతున్నది న్యాయమైనదే.

అనంతపురం జిల్లాకు బెంగళూరు వలస కొత్త కాదు. వేరుశనగ చేలు ఎండిపోయిన ఏళ్లలో ఇంటి పెద్ద కట్టడం పనులకు బెంగళూరు వెళ్లి, ఉగాదికో పెద్ద పండుగకో బట్టల మూటతో తిరిగివచ్చిన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్నో. వాళ్లకు మరో దారి లేదు. మీకు ఒకటి కాదు, రెండు మూడు దారులున్నాయి. అందుకే ‘అందరూ ఇలాగే బతికారు’ అన్న మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇల్లు కొనడం తప్పు కాదు. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చన్న నమ్మకం మీద 2022లో తీసుకున్న నిర్ణయం అది. ఆ నమ్మకాన్ని ఆఫీసువాళ్లు తీసేశారు. ఇప్పుడు కొత్తగా ఆలోచిస్తే అప్పటిది పొరపాటని ఒప్పుకున్నట్టవుతుందేమోనని మీకు లోపల జంకు ఉందనిపిస్తోంది. భార్యకు నచ్చజెప్పాలన్న పట్టుదల అక్కడినుంచే వస్తోంది. ఆమె మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, గమనించారా? ఇల్లు ఎందుకు కొన్నావని అడగలేదు. ఎటో ఒకవైపు ఉండమంటోంది.

హిందూపురం ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. నెలవారీ సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తారు కాబట్టి అనంతపురం నుంచి కుదరదు, హిందూపురం నుంచి కుదురుతుంది. గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంకలో దిగి ఆఫీసుకు వెళ్లేవారు ఉన్నారు, ఖర్చు కూడా తక్కువే. ఆ ఊరివారైతే, అమ్మానాన్నలు అక్కడే ఉంటే సరే. మీకు అక్కడ ఎవరున్నారు? మీ అమ్మగారికి తెలిసినవారు ఉండరు, మీ భార్యకు ఉద్యోగం కొత్తగా వెతుక్కోవాలి, పాపకు మళ్లీ కొత్త బడి. మీరు రోజూ ఇంటికి వస్తారు కానీ, పాప నిద్రలేవకముందే వెళ్లి, నిద్రపోయే వేళకు వస్తారు. ఒకరి ఇబ్బందిని ముగ్గురికి పంచినట్టవుతుంది. అయినా మనసు అటే లాగుతుంటే, మూడు నెలలు అద్దెకుండి చూడకుండా అక్కడ గజం స్థలం కూడా కొనకండి.

ఇప్పుడున్న ఇల్లు కూడా అమ్మకండి. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కింద కట్టినది తిరిగి రాదు. స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్ల లోపు అమ్మితే, పాత పన్ను విధానంలో రుణం అసలు మీద తీసుకున్న మినహాయింపు మళ్లీ ఆదాయంలో కలుస్తుంది. ఇల్లు ఒక ఊళ్లో, ఉద్యోగం మరో ఊళ్లో ఉండి అద్దె కడుతుంటే, పాత విధానంలో అద్దె భత్యానికీ గృహరుణం వడ్డీకీ రెండింటికీ మినహాయింపు అడగవచ్చు. మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకుని ఆడిటర్‌తో మాట్లాడండి.

నా మొగ్గు ఎటో చెబుతాను. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి అందరూ బెంగళూరు వెళ్లి, ఒక్క విద్యాసంవత్సరం ఉండి చూడండి. ఇల్లు హెబ్బాళ్, యలహంక వైపే తీసుకోండి. చవకని చెప్పి ఊరికి ఆ చివర తీసుకుంటే ఇదే కథ సిటీ బస్సులో నడుస్తుంది. ఇక్కడి ఇంటిని పదకొండు నెలల ఒప్పందం మీద అద్దెకివ్వండి. అంతకుముందు ఆఫీసులో ఒక ప్రయత్నం చేయండి. వారానికి మూడు రోజులకు బదులు నెలలో ఒకే వారం వరుసగా రావడానికి ఒప్పుకుంటారేమో రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే బెంగళూరు మాటే అక్కర లేకపోవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది అమ్మగారి విషయం. ఆమె కన్నీళ్లు అద్దె గురించి కాదనుకుంటాను. ఆమెకు ఇక్కడ వీధి ఉంది, గుడి ఉంది, సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే పలకరించే మనుషులున్నారు. బెంగళూరులో మూడో అంతస్తు ఫ్లాటు, తలుపు వేసిన ఎదురిల్లు, రాని భాష. అనంతపురం వాళ్లకు కన్నడం బొత్తిగా తెలియనిదేమీ కాదు కానీ, డెబ్బైకి దగ్గరపడ్డాక చెవికి అలవాటైన మాటే కావాలనిపిస్తుంది. కొడుకు వెళ్తే తన మాటేమిటన్న భయం కూడా ఉంటుంది, పైకి అడగలేక ఇంటి మీద పెట్టి మాట్లాడుతున్నారేమో. ‘మేం ఇలా అనుకున్నాం, నువ్వు కూడా రావాలి’ అని తేల్చి చెప్పవద్దు. ముందు ఒక పది రోజులు ఆమెను తీసుకువెళ్లి, ఏదైనా ఇంట్లో ఉంచి చూపించండి. అద్దె ఇల్లు కింది అంతస్తులో వెతకండి. పండుగలకు ఊరికి వస్తూ పోతూ ఉండవచ్చని చెప్పండి, చెప్పినట్టు తీసుకురండి. ఆమె ఇక్కడే ఉంటానంటే, తోడుకు ఎవరుంటారన్నది మీ తోబుట్టువులు, దగ్గరి బంధువులు ఉంటే వారితో కూడా మాట్లాడుకోవాలి. కోడలి మీద నెట్టేయడానికి వీల్లేదు.

ఈ మాటలన్నీ ఆదివారం సాయంత్రం ఎత్తవద్దు. శనివారం పొద్దున, మీకు నిద్ర చాలినప్పుడు, అమ్మగారు వినేంత దూరంలో కాకుండా మీరూ మీ భార్యా మాత్రమే కూర్చోండి. ముందు ఆమెను చెప్పనివ్వండి, మీ లెక్కల కాగితం అప్పటిదాకా జేబులోనే ఉండనివ్వండి. ఇక్కడే ఉందామని, ఇక్కడే మళ్లీ బడిలో చేరతానని ఆమె అంటే నా సలహా పక్కన పెట్టేయండి. మీరు అనంతపురంలోనో, పూర్తిగా ఇంటి నుంచి చేసుకునేలానో వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, జీతం తగ్గినా సరే.

ఆమె నాకు రాయాలనుకుంటే విడిగా రాయమనండి. మీ ఉత్తరం సంగతి ఎత్తకుండా జవాబిస్తాను.