మూడు పేర్లు మారిన బ్యాంకులో మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. బత్తాయి తోట మీద బతుకుతున్నాం. పెద్దమ్మాయి బీకాం పూర్తి చేసి ఇంట్లోనే గ్రామీణ బ్యాంకు పరీక్షకు చదువుతోంది. మా నాయన పంట లోను తీసుకున్నప్పుడు మా దగ్గరి బ్రాంచి పేరు నాగార్జున గ్రామీణ బ్యాంక్. తర్వాత ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ అన్నారు. ఇప్పుడు తెలంగాణ గ్రామీణ బ్యాంక్ అని బోర్డు పెట్టారు. ఇన్నిసార్లు పేరు మారిన బ్యాంకు రేపు ఉంటుందో ఊడుతుందో అని టెన్షన్‌గా ఉంది. మా బామ్మర్దేమో హైదరాబాద్‌లో ప్రైవేటు బ్యాంకులో చేర్పిద్దాం, నెలలో పని దొరుకుతుంది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయిని పరీక్ష రాయనివ్వండి. బోర్డు మారిందని భయపడాల్సిన పని లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మీ నాయన లోను తీసుకున్న కాలం నుంచి మొదలుపెట్టాలి.

1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. అయినా పల్లెల్లో చిన్న రైతుకు, కూలీకి, మగ్గం నేసేవాళ్లకు అప్పు కావాలంటే షావుకారే దిక్కయ్యాడు. అందుకే నరసింహం వర్కింగ్ గ్రూప్ సిఫార్సు మీద 1975 అక్టోబర్ 2న దేశంలో మొదటి ఐదు గ్రామీణ బ్యాంకులు తెరిచారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. వాటాలో సగం కేంద్రానిది, 15 శాతం రాష్ట్రానిది, మిగతా 35 శాతం స్పాన్సర్ బ్యాంకుది, అంటే ఆ గ్రామీణ బ్యాంకును పెట్టి వెనక ఉండి నడిపించే పెద్ద బ్యాంకుది. ఆ 1976లోనే స్టేట్ బ్యాంక్ స్పాన్సర్‌గా, ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంక్ వచ్చింది. ఖమ్మం, నల్లగొండ జిల్లాలు దాని పరిధి. పాలమూరు వైపు ఇదే పని కోసం సంగమేశ్వర గ్రామీణ బ్యాంక్ పెట్టారు.

మొదట్లో వీటికి చేతులు కట్టేసినట్టే ఉండేది. సన్నకారు రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్లకు తప్ప మిగతావాళ్లకు అప్పులివ్వడానికి వీల్లేదు. వానలు ఎగ్గొడితే వసూళ్లు ఉండవు. పెద్ద ఖాతాలు లేవు కాబట్టి ఆ లోటు పూడేది కాదు. 1990లు వచ్చేసరికి దేశంలో ఉన్న 196 గ్రామీణ బ్యాంకుల్లో చాలావాటికి నష్టాలే. తర్వాత మిగతావాళ్లకూ అప్పులిచ్చే వీలు కల్పించారు, కొత్త మూలధనం పోశారు. ఆ వరసలోనే 2005 నుంచి విలీనాలు మొదలయ్యాయి.

మీ బ్రాంచి బోర్డు మొదటిసారి మారింది 2006లో. నాగార్జున, సంగమేశ్వరతో పాటు వరంగల్ కాకతీయ, మెదక్ వైపు మంజీర, ఉత్తరాంధ్రలోని శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకులను కలిపి వరంగల్ కేంద్రంగా ఒకే బ్యాంకు చేశారు, అదే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్. అంటే నల్లగొండ రైతు, శ్రీకాకుళం రైతు ఒకే బ్యాంకు ఖాతాదారులు అయ్యారు! రాష్ట్రం విడిపోయాక కూడా పదేళ్లు అలాగే రెండు రాష్ట్రాల్లో నడిచింది. రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు ఉండాలన్న నిర్ణయంతో, 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ బ్రాంచీలు 493 తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లో కలిశాయి. దానికి ముందే 435 ఉన్నాయి, మొత్తం 928. 2025 మేలో దేశమంతటా గ్రామీణ బ్యాంకుల సంఖ్య 43 నుంచి 28కి తగ్గింది. సంఖ్య తగ్గడం చూసి మూతపడుతున్నాయని చాలామంది అనుకుంటున్నారు. కానీ చిన్నవి కలిసి పెద్దవి అయ్యాయి, అంతే. వాటాదారులు మారలేదు, స్పాన్సర్ కూడా స్టేట్ బ్యాంకే.

మరి ఉద్యోగుల సంగతి? కలిసిపోయిన బ్యాంకు సిబ్బంది కొత్త బ్యాంకు సిబ్బంది అవుతారని, వాళ్ల జీతం, సర్వీసు షరతులు కొనసాగుతాయని చట్టంలోనే ఉంది. నాగార్జునలో క్లర్కుగా చేరి, వికాస్ బ్యాంకులో ప్రమోషన్ తీసుకుని రిటైరైన వాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. ఒకసారి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడి రండి. నా మాట కన్నా వాళ్ల మాట గట్టిది.

జీతం గురించి కూడా ఒక పాత అపోహ ఇంకా తిరుగుతోంది. గ్రామీణ బ్యాంకు అంటే తక్కువ జీతమని అంటారు. పెట్టినప్పటి ఆలోచన నిజంగా అదే, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల స్థాయి జీతాలతో ఖర్చు తగ్గించాలని. దాని మీద ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. చివరికి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఓబుల్ రెడ్డి నేతృత్వంలోని ట్రిబ్యునల్ 1990లో స్పాన్సర్ బ్యాంకు ఉద్యోగులతో సమానంగా జీతం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ రోజు మీ అమ్మాయి అందుకోబోయే జీతం వెనక ఆ పోరాటం ఉంది. అది తెలుసుకుని చేరితే బాగుంటుంది.

ఇప్పుడు మీరు నిజంగా ఆలోచించుకోవాల్సిన విషయానికి వస్తాను. అది బదిలీ. నాగార్జున ఉన్నప్పుడు ఎంత దూరం వేసినా రెండు జిల్లాల్లోనే. ఇప్పుడు పరిధి రాష్ట్రమంతా. మొదటి పోస్టింగ్ దేవరకొండలో రావచ్చు, ఆసిఫాబాద్‌లో రావచ్చు. ఆఫీసర్ స్కేల్-1 (ఆఫీసర్లలో మొదటి మెట్టు) అయితే ఒక్కోసారి ముగ్గురు నలుగురున్న బ్రాంచి బాధ్యత చిన్న వయసులోనే మీద పడుతుంది. 2024లో రెండు లక్షల రుణమాఫీ అప్పుడు బ్రాంచి ముందు లైన్లు మీరే చూసి ఉంటారు. మాఫీ రాని రైతు కోపం మొదట పడేది కౌంటర్ దగ్గరున్న వాళ్ల మీదే. పంట లోన్ల రెన్యూవల్, బంగారం తూకం, మహిళా సంఘాల లింకేజీ (సంఘాలకు బ్యాంకు అప్పులు), మొండి బాకీల వసూలుకు ఊళ్లు తిరగడం, ఇదంతా రోజువారీ పని. పాస్‌బుక్కు పట్టుకుని వచ్చే రైతు కష్టం మీ ఇంట్లో పెరిగిన అమ్మాయికి ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. ఈ ఉద్యోగానికి అదే పెద్ద అర్హత అని నేను గట్టిగా నమ్ముతాను. ఒక పరిమితి కూడా చెప్పాలి: ప్రమోషన్లు బాగానే ఉంటాయి కానీ చైర్మన్ సాధారణంగా స్పాన్సర్ బ్యాంకు నుంచే వస్తారు.

మీ బామ్మర్ది చెప్పేది కొట్టిపారేయను. కాకపోతే రెండు ప్రశ్నలు అడగండి. ఉద్యోగం బ్యాంకు సొంత పేరోల్ మీదా, ఏజెన్సీ మీదా? పని కౌంటర్ మీదా, టార్గెట్ పెట్టి కార్డులు, ఇన్సూరెన్స్ అమ్మడమా? ఏజెన్సీ, టార్గెట్ అని జవాబు వస్తే, ఆ నెల జీతం కోసం ప్రిపరేషన్ వదులుకోవద్దు.

పరీక్ష ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు నడిపే సంస్థ) పెడుతుంది. ఏ డిగ్రీ అయినా చాలు, తెలుగు వచ్చి ఉండాలి. ఆఫీస్ అసిస్టెంట్‌కు 18 నుంచి 28 ఏళ్లు, స్కేల్-1కు 18 నుంచి 30. బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. రెండింటికీ అప్లై చేయించండి. ప్రిలిమ్స్‌లో రీజనింగ్, లెక్కలు మాత్రమే. 80 ప్రశ్నలకు 45 నిమిషాలు. ఇంగ్లిష్ మెయిన్స్‌లోనే వస్తుంది. 2019 నుంచి తెలుగులోనూ రాసే వీలుంది కాబట్టి మన తెలుగు మీడియం పిల్లలకు ఇంతకన్నా అనువైన బ్యాంకు పరీక్ష లేదు. అసిస్టెంట్‌కు ఇంటర్వ్యూ లేదు, ఆఫీసర్‌కు ఉంది. తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంటుంది, గుడ్డిగా గుర్తు పెట్టొద్దని చెప్పండి.

దీనితో పాటు జిల్లా సహకార బ్యాంకుల నోటిఫికేషన్ల మీదా కన్నేయండి. ఆ ఉద్యోగాలు ఆ జిల్లాకే పరిమితం కాబట్టి దూరం పంపలేమనుకునే కుటుంబాలకు అవి నయం. మహబూబ్‌నగర్ కేంద్రంగా 2001 నుంచి నడుస్తున్న కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంక్ లాంటి చిన్న ప్రైవేటు బ్యాంకు కూడా ఉంది. పని నేర్చుకోవడానికి అక్కడా అడగొచ్చు.

మీరు బీసీలైతే ఒక పని ఇప్పుడే చేయండి. రాష్ట్రంలో వాడే కులం సర్టిఫికెట్ ఈ పరీక్షకు సరిపోదు, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో బాగా సంపన్నులైన వర్గం కిందికి రారని చూపే పత్రం) కావాలి. నోటిఫికేషన్ పడ్డాక మీసేవకూ తహసీల్దార్ ఆఫీసుకూ మధ్య తిరిగితే అమ్మాయి చదువు టైమే పోతుంది.