పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మీద రాస్తున్న శ్రావణ్‌కి

చి. శ్రావణ్‌కి,

ట్రినిడాడ్ అండ్ టొబేగో దేశపు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మీద నువ్వు రాసిన పర్యాటక వ్యాసం అందింది, చదివాను. మొదటి పేరాలోనే "కరీబియన్ ముత్యం", "నీలి కెరటాలు", "తెల్లని ఇసుక తిన్నెలు" మూడూ దిగిపోయాయి. మొదటిది ఏ ద్వీపానికైనా అతుకుతుంది కాబట్టి దేనికీ అతకదు. మిగతా రెండూ అసలు తప్పు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ఉన్నది పారియా సింధుశాఖ ఒడ్డున. వెనెజువెలా వైపు నుంచి ఒరినోకో నది మోసుకొచ్చే ఒండ్రు వల్ల అక్కడి నీళ్ళు మసకగా, ఆకుపచ్చగా ఉంటాయి. ఊళ్ళో ఉన్నది రేవు, బీచ్ కాదు. ఇసుక కావాలంటే ఉత్తరాన కొండలు దాటి మరాకస్ దాకా పోవాలి. ఆ రోడ్డు కూడా రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వేసిందే. ఊరికి పడమటనున్న చాగ్వారామస్ తీరాన్ని సైనిక స్థావరం కోసం మూసేసినందుకు బదులుగా జనానికి ఇంకో తీరానికి దారి చూపించారు. నీ మొదటి పేరా ఇక్కణ్ణుంచి ఎత్తుకున్నా బాగానే ఉంటుంది.

రెండో సంగతి తేదీలు. "1498లో కొలంబస్ స్థాపించిన నగరం" అని రాశావు. ఆయన 1498 జులై 31న ట్రినిడాడ్ ద్వీపాన్ని దక్షిణం వైపు నుంచి చూశాడు, అంతే. ఈ ఊరికి ఆయనతో సంబంధం లేదు. స్పెయిన్ వాళ్ళ రాజధాని లోపల ఉన్న సాన్ హొసే. 1595లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ తగలబెట్టింది కూడా దాన్నే. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అప్పటికి బురద నేలల పక్కన ఓ చిన్న రేవు. సాన్ హొసేలో గవర్నరు ఇల్లు పాడుబడితే 1757లో పెద్రో దె లా మొనేదా మకాం ఇక్కడికి మార్చాడు. నగర సభ మాత్రం 1780ల్లో, గవర్నరు హొసే మరియా చాకోన్ కాలంలో గానీ రాలేదు. కాబట్టి "1757లో రాజధాని అయింది" అనేసి ఊరుకోకు. గవర్నరు ముందొచ్చాడు, పాలన తర్వాత వచ్చింది అని రాయి. ఆ మధ్యలో 1783 రాజశాసనం ఉంది. బానిసలతో సహా వచ్చి స్థిరపడే కాథలిక్కులకు భూములిస్తామని స్పెయిన్ రాజు ప్రకటించాడు. చుట్టుపక్కల ద్వీపాల నుంచి ఫ్రెంచి తోటల యజమానులు దిగారు. స్పెయిన్ జెండా కింద ఫ్రెంచి మాట్లాడే ఊరు తయారైంది. 1797లో జనరల్ అబర్‌క్రాంబీ సైన్యంతో బ్రిటిష్ నౌకాదళం వచ్చేసరికి స్పెయిన్ నావికాధిపతి చాగ్వారామస్‌లో తన ఓడలకు తనే నిప్పు పెట్టుకున్నాడు. ద్వీపం బ్రిటిష్‌వాళ్ళ చేతికి వెళ్ళింది. ఈ మూడు ముక్కలు తెలియకపోతే కార్నివాల్ అనే వీధి పండగ ఎందుకు ఫ్రెంచి పద్ధతిలో పుట్టిందో, వీధుల పేర్లు మూడు దేశాలవి ఎందుకయ్యాయో పాఠకుడికి అందదు.

తేదీలన్నీ వరసపెట్టి చెప్పకు. పాఠ్యపుస్తకం అవుతుంది. ఈ ఊరికి ఒక సుగుణం ఉంది: ఇక్కడ నేల మీద ఉన్నవాటిని చాలాసార్లు కదిలించారు. నదిని మళ్ళించారు, సముద్రాన్ని వెనక్కి నెట్టారు. కాబట్టి పాఠకుణ్ణి నడిపిస్తూ, ఆగినచోటల్లా "ఇక్కడ ముందు ఏముండేది" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పో. చరిత్ర దానంతట అదే వస్తుంది.

దారి నేను చెబుతాను. సౌత్ క్వే దగ్గర సాన్ ఆంద్రెస్ కోటతో మొదలుపెట్టు. 1780ల్లో కట్టినప్పుడు అది నీళ్ళలో ఉండేది, ఒడ్డు నుంచి కట్ట మీదుగా వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు దాని చుట్టూ రోడ్డు, ట్రాఫిక్. ఫిరంగి చూసే దిక్కున సముద్రం కనపడదు. ఊరు ఎంత ముందుకు జరిగిందో ఇంతకన్నా తేలిగ్గా చూపించలేవు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే ఇండిపెండెన్స్ స్క్వేర్, మధ్యలో బ్రయన్ లారా పేరు పెట్టిన నడకదారి. ఇదీ పూడ్చిన నేలే. తూర్పున లావెంటీల్ కొండ పాదాల వెంట సెయింట్ ఆన్స్ నది పోతుంది. అది ఊరి మధ్యలోంచి పారుతూ వానాకాలం ముంచెత్తుతోందని 1787లో చాకోన్ దాన్ని ఊరి అంచుకు మళ్ళించాడు. ఇప్పుడది కాంక్రీటు కాలువ, జనం దాన్ని ఈస్ట్ డ్రై రివర్ అంటారు. ఎండాకాలంలో చుక్క నీరుండదు, గట్టి వాన పడితే గంటలో నిండుతుంది. ఆ కాలువకు అటు పక్క పేదల కొండ. నూనె పీపాతో చేసే స్టీల్‌పాన్ వాద్యం పుట్టిన పేటలు అవి. ఇటు పక్క వ్యాపార వీధులు. నది మళ్ళించడంతో ఊరికి ఒక సరిహద్దు కూడా పడిందని ఒక్క వాక్యంలో చెప్పు, ఉపన్యాసం వద్దు.

ఫ్రెడరిక్ వీధి పట్టుకుని పైకి నడిస్తే వుడ్‌ఫర్డ్ స్క్వేర్. 1808 అగ్నిప్రమాదంలో కొయ్య ఇళ్ళ ఊరు చాలామటుకు కాలిపోయింది. 1813లో వచ్చిన గవర్నరు రాల్ఫ్ వుడ్‌ఫర్డ్ ఊరిని మళ్ళీ తీర్చాడు. ఈ తోట, పక్కన ఆంగ్లికన్ చర్చి, పైన సవాన్నా మైదానం ఆయన కాలానివే. స్క్వేర్ ఎదురుగా రెడ్ హౌస్, అంటే పార్లమెంటు. నువ్వు దీన్ని "అందమైన ఎర్ర భవనం" అని వదిలేశావు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి ఎర్రరంగు వేశారు, పేరు అలా నిలిచింది. 1903 మార్చి 23న నీటి పన్నుల చట్టం మీద జనం ఎదురుతిరిగి దాన్ని తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో 16 మంది చనిపోయారు. 1907లో మళ్ళీ కట్టారు. 1990 జులై 27న సాయుధులు సభ నడుస్తుండగా చొరబడి ప్రధాని రాబిన్సన్‌ని, సభ్యుల్ని బందీలుగా పట్టుకున్నారు, ఆరు రోజులు నడిచింది. 2013లో మరమ్మతులకు తవ్వితే కింద కొలంబస్‌కు ముందటి ఆదివాసుల ఎముకలు బయటపడ్డాయి. 2019లో వాటిని శాస్త్రోక్తంగా తిరిగి పాతిపెట్టారు, 2020లో పార్లమెంటు తిరిగి వచ్చింది. ఒక్క గోడ ముందు నిలబెట్టి ఇన్ని కాలాలు చూపించే అవకాశం ఇంకో ఊళ్ళో దొరకదు. నీ వ్యాసంలో మూడోవంతు ఇక్కడే పెట్టినా తప్పులేదు.

పైన క్వీన్స్ పార్క్ సవాన్నా. 260 ఎకరాల మైదానం, పెషియే కుటుంబం చెరకుతోట నుంచి 1817లో కొన్నది. ఆ కుటుంబం శ్మశానం మాత్రం అమ్మకంలో కలవలేదు, ఇప్పటికీ మైదానం మధ్య గోడ కట్టుకుని ఉంది. వాహనాలు దీని చుట్టూ ఒకే దిశలో తిరుగుతాయి, చుట్టుకొలత సుమారు మూడున్నర కిలోమీటర్లు. దాటే చోటు చూసుకుని దాటమని రాయి, కార్లు ఆగవు. పడమటి అంచున "మాగ్నిఫిసెంట్ సెవెన్" అనే ఏడు భవనాలు. అన్నిటికీ 1904 అని వేశావు. హేస్ కోర్ట్ 1910 నాటిది, ఆర్చిబిషప్ నివాసం 1903లో అయింది. దక్షిణం నుంచి వరస: క్వీన్స్ రాయల్ కాలేజి, హేస్ కోర్ట్, మీల్ ఫ్లర్, రూమోర్, ఆర్చిబిషప్ నివాసం, వైట్ హాల్, స్టాల్‌మేయర్ కోట. రచయితలు సి.ఎల్.ఆర్. జేమ్స్, వి.ఎస్. నైపాల్ చదివింది ఆ కాలేజీలోనే. భవనాల ముఖం తూర్పుకి ఉంటుంది కాబట్టి ఫొటోలు పొద్దున్నే తీయాలి, సాయంత్రం తీస్తే వెనక వెలుగు వచ్చి ముఖద్వారాలు నల్లబడతాయి. నువ్వు జతచేసిన ఫొటోలు సాయంత్రానివని చూడగానే తెలుస్తోంది.

వీలుంటే కొండ మీది ఫోర్ట్ జార్జ్ కోట కూడా చేర్చు. 1804లో, సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తున కట్టారు. ఒక్కసారీ యుద్ధం చూడలేదు. అక్కడి సిగ్నల్ స్టేషన్‌కు 1883లో నమూనా గీసింది అశాంటి రాజ్యపు రాజు కుమారుడు కోఫి న్టి. పశ్చిమాఫ్రికా నుంచి ఇంత దూరం తెచ్చిన రాకుమారుడి చేత బ్రిటిష్‌వాళ్ళు ఈ కొయ్య ఇల్లు గీయించారు. పర్యాటక కరపత్రాలు దీన్ని ఒక వరసలో దాటేస్తాయి.

ఇక మనవాళ్ళ సంగతి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి సుమారు 225 మంది కూలీలతో పారియా సింధుశాఖకు చేరింది. 1917 దాకా మొత్తం 1,44,000 మంది దాకా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి. మద్రాసు ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. దీన్ని పట్టుకుని "కరీబియన్‌లో తెలుగు నగరం" అని శీర్షిక పెట్టావే, అది తీసెయ్యి. కూలీలు దిగింది చెరకు తోటలకు, అంటే ద్వీపం మధ్యన, దక్షిణాన. రాజధానిలో వాళ్ళ జాడ రెండు చోట్ల చూపించు. ఒకటి నెల్సన్ ద్వీపం: 1866 నుంచి వచ్చిన ఓడలవాళ్ళను అక్కడే దింపి, జబ్బుపడ్డవాళ్ళను విడదీసి, మిగతావాళ్ళను తోటలకు పంచేవారు. వెళ్ళడానికి నేషనల్ ట్రస్ట్ పడవ యాత్ర ముందుగా మాట్లాడుకోవాలి, తోచినప్పుడు పోయి ఎక్కేది కాదు. రెండోది సెయింట్ జేమ్స్ పేట. అక్కడి వీధుల పేర్లు కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, హైదరాబాద్. మొహర్రం వస్తే హోసే పేరుతో అక్కడ తాజియాలు (సమాధి నమూనాలు) ఊరేగుతాయి, తాసా డప్పుల తోలు సాగితే పక్కనే మంట వేసి కాచి బిగిస్తారు. చాంద్రమానం కాబట్టి తేదీ ఏటా మారుతుంది, నెల పేరు వేసి ఇరుక్కోకు.

క్రికెట్ ఒక్క పేరా చాలు. క్వీన్స్ పార్క్ ఓవల్‌లో 1971లో వెస్టిండీస్ మీద భారత్ తొలిసారి టెస్టు గెలిచింది, గావస్కర్ మొదటి టెస్టు అదే. మన హైదరాబాదీలు ఆబిద్ అలీ, జయసింహ ఆ పర్యటన జట్టులో ఉన్నారు. 1976లో అక్కడే 403 పరుగుల లక్ష్యాన్ని నాలుగు వికెట్లకు కొట్టారు.

కార్నివాల్ దగ్గర నీ వాక్యాలు పూర్తిగా చేతులెత్తేశాయి. "రంగుల హరివిల్లు" అంటే ఏమీ తెలియదు. జరిగేది చెప్పు. బూడిద బుధవారానికి ముందు సోమ, మంగళవారాలు కార్నివాల్. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి జువే మొదలవుతుంది: మట్టి, రంగు, నూనె, కోకో పూసుకుని చీకట్లో నడుస్తారు. పాత బట్టలు వేసుకోవాలి, ఫోనుకు ప్లాస్టిక్ సంచి ఉండాలి. మంగళవారం పెద్ద బృందాలు ఈకల వేషాలతో వేదిక దాటతాయి. 2027లో ఈ రెండు రోజులు ఫిబ్రవరి 8, 9. ఏటా ఈస్టర్‌ని బట్టి లెక్కకట్టుకోవాలి. దాని వెనక చరిత్ర సరదా కాదు. 1838లో బానిసత్వం పోయాక నల్లవాళ్ళు కాగడాలతో, కర్రసాముతో వీధుల్లోకి వచ్చారు. 1881లో పోలీసులు అడ్డుకుంటే కొట్లాట జరిగింది, 1884లో డోళ్ళు నిషేధించారు. డోలు పోతే వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. అవి పగులుతుంటే డబ్బాలు, బిస్కెట్ టిన్నులు, చివరికి 1940ల్లో నూనె పీపాలు.

పీపా వాద్యం ఎలా అవుతుందో దగ్గరగా చూపించు, అది నీ వ్యాసానికి ప్రాణం. 55 గ్యాలన్ల పీపా అడుగుభాగాన్ని సుత్తితో కొట్టి లోపలికి గిన్నెలా దించుతారు. రేకు అంతటా సమంగా సాగాలి, ఒకచోట పలచబడితే అక్కడ స్వరం నిలవదు. తర్వాత స్వరాల హద్దుల్ని ఉలితో గీట్లు కొడతారు, పక్కస్వరం కంపనం ఇందులోకి రాకుండా. పీపా గోడ ఎంత ఎత్తున కోస్తే శ్రుతి దాన్నిబట్టి ఉంటుంది: పైస్థాయి పలికే టెనర్‌కి పొట్టి గోడ, కిందిస్థాయి పలికే బేస్‌కి దాదాపు మొత్తం పీపా. మంట మీద కాచి, చల్లార్చి, చిన్న సుత్తితో శ్రుతి చేస్తారు. టెనర్ ఒక్కదాంట్లో ముప్ఫైకి దగ్గరగా స్వరాలుంటాయి. బేస్ పీపాకి మూడే, అందుకని ఒక మనిషి ఆరు లేక తొమ్మిది పీపాల మధ్య నిలబడి వాయిస్తాడు. పుల్లల కొసకి రబ్బరు చుడతారు, ఒట్టి కర్రతో కొడితే రేకు మోతే గానీ స్వరం రాదు. 1963 నుంచి స్టీల్‌పాన్ బృందాలకు పనోరమా పోటీ జరుగుతోంది. టికెట్టు దొరకనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. జనవరి నుంచి రాత్రిళ్ళు పాన్‌యార్డుల్లో, అంటే బృందాల ఆవరణల్లో, సాధన జరుగుతుంది. డ్యూక్ వీధిలో ఆల్ స్టార్స్, షార్లెట్ వీధిలో రెనిగేడ్స్. వెళ్ళి ఓ పక్కన నిలబడి వినొచ్చు. ఒకే నాలుగు వరసల్ని యాభైసార్లు వాయిస్తారు, నాకైతే పోటీకన్నా అదే బాగుంటుంది.

తిండిలో డబుల్స్ తప్ప మిగతావి కోసేసినా పరవాలేదు. పసుపు కలిపిన పులిసిన పిండితో వేయించిన బారా అనే మెత్తటి రొట్టెలు రెండు, వాటి మీద శనగల కూర, చింతపండు పచ్చడి, కీర, మిరప. 1930ల్లో దక్షిణాన ప్రిన్సెస్ టౌన్‌లో మొదలైంది. కాగితంలో పెట్టిస్తారు, నిలబడి చేత్తో తినాలి. కారం ఎంత అని అడుగుతారు. "స్లైట్" అంటే కొంచెం. గుంటూరు గొప్ప చెప్పుకుని ఎక్కువ అడగొద్దని మనవాళ్ళకి చెప్పు, అక్కడి మిరప జాతి వేరు.

చివర పెట్టే సమాచారపు పెట్టెలో ఇవి ఉండాలి. జనవరి నుంచి మే దాకా పొడికాలం, జూన్ నుంచి వానలు. మాక్సీ టాక్సీలనే ప్రయాణికుల వ్యాన్ల గీత రంగును బట్టి దారి: పసుపు రాజధాని, పడమర, ఎరుపు తూర్పు, ఆకుపచ్చ దక్షిణం. పాత రైల్వేస్టేషన్ అయిన సిటీ గేట్ వాటి ప్రధాన స్టాండు. టాక్సీ కార్ల నంబరు "హెచ్" అక్షరంతో మొదలవుతుంది. "పి" నంబరు సొంత కారు టాక్సీనని పిలిస్తే ఎక్కకూడదు, అది చట్టవిరుద్ధం. మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు పౌరులు వేసుకోకూడదు, పిల్లల టోపీ అయినా సరే. చీకటి పడ్డాక ఊరి నడిబొడ్డు ఖాళీ అవుతుంది, జనం ఉండే అరియపీటా అవెన్యూ వైపుకి వెళ్ళమని రాయి. లావెంటీల్ కొండకి స్థానికులు తోడు లేకుండా పోవద్దని కూడా. కరోనీ చిత్తడినేలకి పడవలు సాయంత్రం నాలుగింటికి బయలుదేరతాయి, ఎర్ర ఐబిస్ కొంగలు గూళ్ళకి చేరేది పొద్దుగుంకేటప్పుడే. ఆ రోజు ఊళ్ళో ఇంకేం పెట్టుకోకూడదు.

ధరలు, వీసా నిబంధనలు వ్యాసంలో వేయకు. అచ్చయ్యేలోపు మారతాయి. నడక భాగం మొదట రాసి, అదొక్కటే ముందు పంపు. రెడ్ హౌస్ పేరా నిలబడితే మిగతాది చూద్దాం.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు