ఆ దురద అలవాటు కాదమ్మా

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. రేణిగుంట నుంచి రోజూ తిరుపతికి వచ్చి ఒక నెయిల్ స్టూడియోలో పని చేస్తున్నాను. చేరి ఎనిమిది నెలలైంది. రెండు నెలలుగా ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు కొసలు దురదపెట్టి పగులుతున్నాయి. ఈమధ్య నిద్ర లేచేసరికి కనురెప్పలు వాచి ఉంటున్నాయి. మా ఓనర్ మేడమ్ ‘కొత్తలో అందరికీ అంతే, అలవాటైపోతుంది’ అంటున్నారు. ఇంట్లో నా జీతమే ఆధారం. పని మానకుండా ఇది తగ్గే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: కనురెప్పల మాట చదవగానే నా గుండె గుభేలుమందమ్మా. నాకూ అక్కడే బయటపడింది. తిరుపతి ఎం.ఆర్.పల్లెలో పంతొమ్మిదేళ్లు పార్లర్ నడిపినదాన్ని. 2016లో చెన్నై వెళ్లి జెల్, అక్రిలిక్ గోళ్ల పని నేర్చుకొచ్చాను. ఏడాది తిరక్కుండానే రెప్పలు వాచాయి. దోమ కుట్టిందనుకున్నా. మామిడిపండ్ల వేడి అనుకున్నా. కాటుక మార్చా. వేళ్లకు రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకున్నా. ఇలా ఐదు నెలలు పోగొట్టుకున్నాక చర్మం డాక్టరు నా వీపుకు అలర్జీ పరీక్ష పట్టీలు అంటించి, రెండు రోజులు నీళ్లు తగలనివ్వద్దన్నారు. విప్పి చూస్తే ఒకచోట ఎర్రగా పొంగి ఉంది. అక్కడ పెట్టింది హెమా. చాలా జెల్ పాలిష్‌లలో ఉండే అక్రిలేట్ అది. నీది కూడా అదేనని ఉత్తరం చూసి చెప్పలేను కానీ, కస్టమర్ వేలు పట్టుకునే చేతి కొసలు, దానితోపాటు కనురెప్పలు అంటే ముందు అనుమానించాల్సింది అక్రిలేట్ల అలర్జీనే.

సీసాలో ద్రవంగా ఉన్నప్పుడు ఈ అక్రిలేట్లు చాలా చిన్న అణువులు. జెల్ అయితే గట్టిపరిచే లాంప్ కింద పెడితే, అక్రిలిక్ అయితే పొడితో కలిపితే ఒకదానికొకటి గొలుసులా అల్లుకుని గట్టి ప్లాస్టిక్ అవుతాయి. పూర్తిగా గట్టిపడ్డాక పెద్దగా హాని చేయవు. తడి జెల్ చర్మానికి అంటినా, సగం ఎండిన గోరును డ్రిల్‌తో అరగదీసినప్పుడు లేచే దుమ్ము మీద పడినా ఆ చిన్న అణువులు చర్మంలోకి దిగుతాయి. మన రోగనిరోధక శక్తి ఒకసారి వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే ఇక మరిచిపోదు. తర్వాత చుక్క తగిలినా చాలు, దురద మొదలవుతుంది. అందుకే ‘అలవాటైపోతుంది’ అన్న మాట వినొద్దు. తగిలేకొద్దీ ఇది ముదురుతుంది. రెప్పల చర్మం అన్నిటికన్నా పలచన కాబట్టి చేతి నుంచి అంటిందీ, గాలిలో ఎగిరొచ్చిందీ అక్కడే ముందు తెలుస్తుంది.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పంటికి తెల్ల ఫిల్లింగ్ పెట్టించుకుందామని వెళ్తే, నా అలర్జీ విని డాక్టరమ్మ చేతిలో ఉన్నది పక్కన పెట్టేశారు. ఆ ఫిల్లింగుల్లో, వాటిని అంటించే మందులో కూడా అక్రిలేట్లే ఉంటాయి. మోకాలి చిప్ప మార్చినప్పుడు వాడే ఎముకల సిమెంటు కూడా ఈ కుటుంబమే. షుగర్ చూసుకోవడానికి చేతికి అంటించుకునే కొన్ని సెన్సర్ల జిగురులోనూ ఇవి ఉంటాయి. 23 ఏళ్ల పిల్లవి, ముందు యాభై ఏళ్ల జీవితం ఉంది. జీతం సంగతి నాకు అర్థమవుతుంది తల్లీ, అయినా ఈ వారమే జెల్, అక్రిలిక్ ముట్టుకోవడం ఆపెయ్. థ్రెడింగ్, పెడిక్యూర్, మామూలు మానిక్యూర్ చేస్తానని మేడమ్‌ను అడుగు. మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీము కొని రెప్పలకు రాయొద్దు. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. నువ్వు వాడే ప్రతి సీసాకు ముందూ వెనకా ఫోటో తీసి డాక్టరుకు చూపించు. నేను వట్టి చేతులతో వెళ్లి ఒక విజిట్ వృథా చేసుకున్నాను.

మీ మేడమ్‌కు కూడా ఈ మాటలు చదివి వినిపించు. పార్లర్లలో వేసుకునే పల్చటి రబ్బరు గ్లౌజుల్లోంచి అక్రిలేట్లు నిమిషాల్లో దూరిపోతాయి. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లౌజులు కాస్త నయం, అవి కూడా చుక్క పడగానే మార్చాలి. మన ఎండలకు తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటాం, ఆ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది. టేబుల్ దగ్గరే దుమ్మును, ఆవిరిని లాగి బయటికి పంపే ఎగ్జాస్ట్ కావాలి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపలేదు.

అక్రిలిక్ ద్రవం లేబుల్ లేని సీసాలో వస్తుంటే మరీ జాగ్రత్త. అందులో మిథైల్ మెథాక్రిలేట్ ఉండొచ్చు. కట్టుడు పళ్లు చేసే ల్యాబుల్లో వాడేది అదే. 1970ల మొదట్లో అమెరికాలో దాంతో గోళ్లు పాడై, చర్మం పుండ్లు పడిన ఫిర్యాదులు వస్తే, 1974లో అక్కడి మందుల, సౌందర్య సాధనాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోర్టుకు వెళ్లి మరీ ఆ సరుకును ఆపించింది. ఘాటు వాసన, గోళ్ల రంగు తీసే అసిటోన్‌లో ఎంతసేపు నానబెట్టినా కరగకపోవడం దాని గుర్తులు. అది రాయిలా బిగుస్తుంది కాబట్టి ఎక్కడైనా కొట్టుకుంటే సొంత గోరు కూడా దానితో లేచి వస్తుంది. అలాగని వాసన లేనిదంతా మంచిదనుకోకు. నన్ను ఇంత బాధపెట్టిన హెమాకు పెద్దగా వాసనే లేదు.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. జెల్ గోళ్లు పెట్టించుకుంటానని పట్టుబట్టింది. ఆ లాంప్ వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: పెళ్లికి ఒక్కసారి పెట్టించుకుంటే లాంప్ గురించి అంత బెంగ వద్దు వదినా. అందులోంచి వచ్చేది అతినీలలోహిత కాంతి. నెలనెలా ఏళ్లతరబడి అయితే చర్మానికి మంచిది కాదు. చేతులకు సన్‌స్క్రీన్ రాసుకోమనండి, లేదా వేలి కొసలు మాత్రమే బయటికి ఉండే గ్లౌజులు వేసుకోమనండి.

నాకు లాంప్ కన్నా జెల్ చర్మానికి అంటడం గురించే ఎక్కువ భయం. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించి ఇంట్లో తనే వేసుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి. కిట్‌లోని లాంప్‌కు, జెల్‌కు పొంతన కుదరకపోతే పైన ఎండినట్టు కనిపించి లోపల పచ్చిగానే ఉంటుంది. యూరప్‌లో 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల సరుకు మీద నిపుణులే వాడాలని, అలర్జీ రావచ్చని రాయాలి. జెల్‌ను గట్టిపరిచే టీపీవో అనే మందునైతే 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ పూర్తిగా నిషేధించారు. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సీసా మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు అన్నీ ఉండాలి. అడిగి చూడండి, చూపించకపోతే లేచి వచ్చేయండి.

గోరు అతికించే జిగురు నూలు బట్ట మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. పట్టుచీర కట్టాక, దూదితో తుడుచుకుంటూ హడావిడిగా అతికించుకోవద్దు. పొడుగు గోళ్లతో తలంబ్రాలు దోసిలిపట్టి పోయడం కష్టం, కాస్త పొట్టిగా పెట్టించండి. గోరింటాకు కూడా పెడతారు కదా, నల్లగా పండే కోన్ కొనకండి. ఆ నలుపు కోసం జుట్టు రంగులో వాడే పీపీడీ కలుపుతారు, చేయంతా బొబ్బలెక్కిన పెళ్లికూతుర్ని నేను చూశాను.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. అన్న పెళ్లికి పెట్టించుకున్న గోళ్లు వార్డులోకి వెళ్లేముందు తీసేయమని మా మేడమ్ అన్నారు. గ్లౌజులు వేసుకుంటాం కదా, ఎందుకంత పట్టింపు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ మేడమ్ చెప్పింది సరైన మాటమ్మా. పెట్టుడు గోళ్ల కింద క్రిములు ఎంత కడిగినా మిగిలిపోతాయి, గ్లౌజు కూడా చిరిగిపోతుంది. రోగులను ముట్టుకునేవాళ్లు అవి పెట్టుకోకూడదనీ, సొంత గోళ్లు కూడా అర సెంటీమీటరుకు మించి పెంచకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. తొందరలో పళ్లతో పీక్కోవద్దు, సొంత గోరు పొరలు దానితోపాటే ఊడొస్తాయి. గోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. పైపొర మెల్లగా అరగదీసి, అసిటోన్ దూది పెట్టి, పావుగంట ఆగితే మెత్తబడుతుంది. దగ్గర్లో దీపం గానీ, గ్యాస్ పొయ్యి గానీ వెలిగి ఉండకూడదు.