ఇరుక్కున్న కాటర్ పిన్‌కి డ్రిల్ అక్కర్లేదు
పాత స్టీల్ సైకిల్ క్రాంక్ (పెడల్ ఉండే కడ్డీ) నుంచి కాటర్ పిన్ (ఆ కడ్డీని ఇరుసుకి బిగించే సీల) రావట్లేదు, కొడితే నట్టు ఎక్కే మర వంగిపోయింది, ఇక డ్రిల్ చేయాల్సిందేనా అన్నారు కదా, అంత తొందర వద్దండీ. తుప్పు వదిలించే నూనె రెండు వైపులా పోసి రాత్రంతా నాననివ్వండి. కింద ఆధారం లేకుండా కొడితే దెబ్బ బలమంతా లోపలి బేరింగుల మీదికి పోతుంది, అందుకే పిన్ దిగేంత బోలున్న ఇనప పైపు ముక్కని నేల మీద నిలబెట్టి దానిపై క్రాంక్ ఆనించండి. వంగిన మరని రంపంతో కోసేసి, బరువైన సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు వేస్తే మొన పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుస్తుంది (నేనూ ఒకటి అలాగే పాడుచేశా). కొత్తది కొనేముందు పాతదాన్ని కొలవండి, 9 మి.మీ., 9.5 మి.మీ. రెండూ ఉంటాయి. రెండు పిన్‌లనీ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఎక్కించాలి, లేకపోతే పెడల్స్ ఒకే వరసలో ఉండవు. కాస్త తొక్కాక నట్టు మళ్లీ బిగించండి.